వారధి మీద కాలు పెట్టని పెద్దమనిషి

మా ఎదురింటి బాబాయిగారి సంవత్సరీకం వస్తోందట. ఆ సందర్భంగా మా భవానీపురం వీధి సంఘంవాళ్ళు ఆయన మీద చిన్న పుస్తకం వేస్తున్నారట. "మీరు ముప్ఫై ఏళ్ళ నుంచీ ఎదురింట్లో ఉన్నారు కదండీ మేడమ్, ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసివ్వండి" అంటూ సంఘం కార్యదర్శి వచ్చి మా సోఫాలో కూర్చున్నాడు. కాఫీ ఇచ్చి, సరే రాస్తానని పంపించాను. కూర్చుని ఆలోచిస్తే మంచి మాట ఒకటి దొరికింది. ఆయన కూరగాయలు బాగా ఏరేవారు. బెండకాయ కొస విరిచి చూడందే సంచీలో వేసేవారు కాదు. మిగతా మూడు మాటలూ ఎంత వెతికినా రాలేదు. అందుకని వచ్చినవి రాస్తున్నాను. ఇవి వాళ్ళు వేసుకోరని తెలుసు. వేసుకోకపోతే మానె.

ఆయన పేరు మాత్రం రాయను. అచ్చులో తన పేరు చూసుకోవడమంటే ఆయనకి మహా మోజు. ఆ ముచ్చట నా చేత్తో తీర్చే ఉద్దేశం నాకు లేదు.

రోడ్లూ వంతెనలూ చూసే ఏదో ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. అక్కడ ఆయన ఉద్యోగం ఏమిటో మాకెవరికీ సరిగ్గా తెలియదు. అడిగితే "ఇంజనీరింగ్ లైన్" అనేవారు. కుర్రతనంలో ఒకసారి ఆఫీసువాళ్ళు ట్రైనింగు కోసం కలకత్తా పంపించారు. అక్కడ హౌరా వంతెన చూశారు. చూడటమే సుమండీ, కట్టలేదు, రంగు కూడా వేయలేదు. అంతా కలిపి ఆ వంతెన మీద నాలుగుసార్లు అటూ ఇటూ నడిచి ఉంటారు. ఆ నడకతో జీవితమంతా లాగించేశారు.

"నది మధ్యలో ఒక్కటంటే ఒక్క స్తంభం లేదమ్మాయ్! ఒక్క నట్టు లేదు, ఒక్క బోల్టు లేదు, అన్నీ రివెట్లే! ఆ ఒడ్డు నుంచి ఒక చెయ్యి, ఈ ఒడ్డు నుంచి ఒక చెయ్యి. మధ్యలో వంతెన. కాంటిలివర్ అంటే అదీ!" అనేవారు. ఆ కాంటిలివర్ అన్న మాట పలికేటప్పుడు నోట్లో జీడిపప్పు నలుగుతున్నట్టుండేది. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఆ మాట విని, అది కలకత్తాలో ఈయనకున్న ఏదో పెద్ద ఇంటి పేరు కాబోలనుకున్నాను. నా తెలివి అలా ఏడిసింది.

ఏది కనిపించినా అరచేత్తో నొక్కి చూడటం ఆయన అలవాటు. పెళ్ళి పందిరి గుంజ, మా బాల్కనీ రెయిలింగు, బట్టలారేసే తీగ, ఆఖరికి పసిపిల్లాడి ఉయ్యాల గొలుసు. నొక్కి, కళ్ళు చికిలించి, "లోడు ఎక్కడికి పోతోంది?" అని అడిగేవారు. ఎవరూ జవాబు చెప్పేవారు కాదు. జవాబు ఆయనకీ అక్కర్లేదు. ఒకసారి బెంజ్ సర్కిల్ దగ్గర పిల్లల్ని కుక్కుకుని పోతున్న స్కూలు ఆటోని ఆపించి, డ్రైవర్ని ఇదే మాట అడిగారు. "బడికండీ" అన్నాడు వాడు పాపం.

ఆ ఇంట్లో లోడంతా ఎక్కడికి పోతోందో ఎదురింట్లో ఉన్న నాకు తెలుసు. పిన్నిగారి మీదికి పోయేది. ఆయన మంచినీళ్ళ గ్లాసు కూడా తనకు తానుగా ముంచుకోగా నేను చూడలేదు. అయినా పిన్నిగారు నవ్వు ముఖంతోనే ఉండేవారు. ఆవిడకున్నది ఒక్కటే బలహీనత, మంగళగిరిలో ఉన్న వాళ్ళక్కయ్య. తల్లి చిన్నప్పుడే పోతే చెల్లెల్ని చంకనేసుకుని పెంచిన మనిషి. ఇంట్లోనే మంగళగిరి చీరలు అమ్మేది. గట్టి గొంతు, గట్టి నవ్వు. ఆవిడ వచ్చిందంటే మా వీధి మొత్తానికి తెలిసేది.

నేను వచ్చిన ఏడాదే వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. ప్రసాదాలు తిని జనం లేవబోతుంటే బాబాయిగారు, "కూర్చోండి, కాంటిలివర్ చూపిస్తాను" అన్నారు. కృష్ణ మీద కొత్త వారధి పని ముగింపుకొచ్చిన రోజులవి. వారధి కూడా హౌరా మాదిరిగానే కట్టాలని పైవాళ్ళకి చెప్పి చెప్పి, ఎవరూ చెవిని పెట్టక ఆయన కుతకుతలాడుతున్నారు. మా ఆయన్నీ, పక్కింటాయన్నీ పక్కపక్కన, కాస్త ఎడంగా వేసిన కుర్చీల్లో కూర్చోబెట్టి చేతులు బారచాపమన్నారు. చేతుల కింద చీపురు కర్రలు దన్ను పెట్టారు. బయటి చేతులకి నీళ్ళ బిందెలు తగిలించారు. లోపలి చేతుల మధ్య పీట వేలాడదీశారు. ఇక ఆ పీట మీద కూర్చోవడానికి మనిషి కావాలి. వ్రతం చేయించిన పంతులుగారు దక్షిణ కోసం ఇంకా అక్కడే ఉన్నారు. "మీరు రండి పంతులుగారూ, ఏం ఫరవాలేదు, లోడంతా బిందెల్లోకి పోతుంది" అని ఆయన్ని ఎక్కించారు.

లోడు బిందెల్లోకి పోలేదు. మా ఆయన మోచేయి దగ్గర చీపురు కర్ర జారింది. పంతులుగారు పీటతో సహా కింద పడ్డారు. బిందెలు బోర్లపడి నట్టింట్లో ముగ్గులూ అక్షింతలూ తేలాయి. అందరూ నోళ్ళు నొక్కుకుంటుంటే, మంగళగిరి అక్కయ్యగారు మాత్రం గుమ్మంలో నిలబడి గట్టిగా అన్నారు.

"మరిదిగారూ, మీ కలకత్తా వంతెన కృష్ణలో పడిందండీ!"

ఇక చూడండి నవ్వులు! పంతులుగారు కూడా తడిసిన పంచె పిండుకుంటూ నవ్వారు. బాబాయిగారు ఒక్కరే నవ్వలేదు. చీపురు కర్ర తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "కర్ర నాసిరకం" అన్నారు.

తరవాత కొన్నాళ్ళకి వారధి తెరిచారు. ఆ సభకి ఈయన ఇస్త్రీ బట్టలు వేసుకుని వెళ్ళారు. వేదిక మీద కుర్చీ మాట దేవుడెరుగు, కింద కూడా ఎవరూ కూర్చోమనలేదట. మధ్యాహ్నానికి ముఖం మాడ్చుకుని వచ్చి, వీధిలో నలుగుర్నీ పోగేసి ప్రకటించారు.

"అది వంతెన కాదండీ, పందిరి! గుంజలు పాతుకుంటూ పోయారు. ఆ పందిరి మీద ఈ జన్మలో నేను కాలు పెట్టను. పెడితే నా పేరు మార్చేయండి."

మా ఆయన ఊరుకోలేక, "కృష్ణ ఇక్కడ కిలోమీటరు పైనే ఉంటుంది కదండీ, మధ్యలో స్తంభాలు లేకుండా ఎలా కుదురుతుంది?" అన్నారు. "మీ బోటివాళ్ళ వల్లే దేశం ఇలా ఉంది" అన్నారాయన. ఆ వాదం అంతటితో తేలిపోయింది.

ఆయన కాలు పెట్టకపోతే వారధికొచ్చిన నష్టమేమీ లేదు. తన కాలు తన ఇష్టం. కానీ అక్కడితో ఆగారా! ఇంట్లోకి పోయి పిన్నిగారిని పిలిచి, ఆవిడ చెయ్యి తన నెత్తి మీద పెట్టించుకుని ఒట్టు వేయించుకున్నారు. ఆవిడ కూడా వారధి ఎక్కకూడదు. ఎక్కితే ఆయన మీద ఒట్టు. అంటే ఆయన ప్రాణానికి ఏదైనా అయితే అది ఆవిడ పాపమే. మర్నాడు పిన్నిగారే నాకు చెప్పారు, కరివేపాకు కోసం వచ్చినప్పుడు. "ఒట్టు తీసి గట్టున పెట్టండి పిన్నిగారూ, ఇవేం చాదస్తాలు" అన్నాను. "అమ్మో, అలా అనకు. నెత్తి మీద చెయ్యి వేయించుకున్నారు" అన్నారావిడ, ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని. ఆ ఒట్టు వంతెన మీద కోపంతో వేయించుకున్నదా, గుమ్మంలో వినిపించిన నవ్వు మీద కోపంతోనా అన్నది నేను అప్పుడే అనుమానించాను. ఇప్పుడు అనుమానం కూడా లేదు.

మంగళగిరి మాకు ఎంత దూరమని! వారధి మీంచి పోయే బస్సెక్కితే కాస్త కునుకు తీసేలోపు దిగిపోవచ్చు. పిన్నిగారికి మాత్రం అది కాశీ ప్రయాణం అయింది. వారధి కాకపోతే కృష్ణ దాటడానికి మిగిలేది పాత బ్యారేజీ. దాని మీద బస్సులు పోనివ్వరు. ఆటో మాట్లాడుకోవాలి. మాట్లాడటానికి ఆయన తీరిక చూసుకోవాలి. ఒకసారి బ్యారేజీ మీద రిపేర్లంటారు, ఒకసారి కృష్ణమ్మ తిరనాళ్ళంటారు, ఒకసారి తన నడుం నొప్పంటారు. "వచ్చే నెల చూద్దాం లేవే" అనేవారు. అక్కయ్యగారికి కాళ్ళ నొప్పులు వచ్చి ఆవిడ రావడం తగ్గాక, అక్కాచెల్లెళ్ళు ఫోనులోనే బతికారు. పిన్నిగారు మా వరండాలోకొచ్చి ఫోను చెవికి ఆనించుకుని గంటలు గంటలు మాట్లాడేవారు. తమ వరండాలో ఎందుకు మాట్లాడేవారు కాదో మీరే ఊహించుకోండి.

ఈలోగా బాబాయిగారికి మాత్రం ఆ ఒట్టుతో మంచి పేరొచ్చింది. ఏ మీటింగులోనైనా "మాట మీద నిలబడే మనిషి" అని పరిచయం చేసేవారు. ఆయన తల కాస్త వంచి, సిగ్గుపడుతున్నట్టు చెయ్యి ఊపేవారు. ఆ చెయ్యి ఊపుడు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఇక ఆ వరద సంగతి. కృష్ణ పొంగి బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు. బ్యారేజీ మీద బళ్ళనే కాదు, మనుషుల్ని కూడా పోనివ్వడం లేదు. గుంటూరు వైపు రైళ్ళు ఆపేశారు. వారధి ఒక్కటే దారి. దీపాలు పెట్టే వేళకి మంగళగిరి నుంచి అక్కయ్యగారి అబ్బాయి ఫోను చేశాడు. అమ్మని ఆసుపత్రిలో చేర్చామనీ, డాక్టర్లు ఆశ లేదంటున్నారనీ, తెలివి వచ్చినప్పుడల్లా "చెల్లి వచ్చిందా" అని ఒక్కటే అడుగుతోందనీ. పిన్నిగారు చెప్పుల్లేకుండా మా ఇంటికి పరుగెత్తుకొచ్చారు.

నేను కారు తీశాను. "ఎక్కండి పిన్నిగారూ, వారధి మీంచి పోదాం. అరగంటలో ఆవిడ పక్కన కూర్చుంటారు" అన్నాను. ఆవిడ ఒక కాలు కారులో పెట్టారు.

బాబాయిగారు గేటు దగ్గరికొచ్చారు. అరుస్తారనుకున్నాను. అరిచినా బాగుండేది, నేను రెట్టింపు అరిచేదాన్ని. ఆయన చాలా మెత్తగా అన్నారు.

"వెళ్ళవే. నేనేమైనా వద్దన్నానా? నా నెత్తి మీద చెయ్యి వేసి ఏం చెప్పావో అది గుర్తు పెట్టుకుని వెళ్ళు, చాలు. ఆ తరవాత నాకేమైనా అయితే నీ ఖర్మ, నా ఖర్మ."

"బాబాయిగారూ, అక్కడ మనిషి పోతోందండీ!" అన్నాను.

"మాట పోయాక మనిషి ఉండి ఏం లాభం అమ్మాయ్?" అన్నారు.

పిన్నిగారు కారులో పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నారు. మెట్టు మీద కూర్చుండిపోయారు. ఫోను ఒళ్ళో పెట్టుకుని బ్యారేజీ ఎప్పుడు తెరుస్తారా అని చూస్తూ ఉండిపోయారు. ఎంత బతిమాలినా లేవలేదు. మర్నాడు మధ్యాహ్నం బ్యారేజీ తెరిచారు. అప్పటికి అక్కయ్యగారిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చి చాప మీద పడుకోబెట్టారు. పిన్నిగారికి చివరిచూపు దక్కింది గానీ, "వచ్చావా చెల్లీ" అన్న మాట దక్కలేదు. నా కారులోనే బ్యారేజీ మీంచి తీసుకెళ్తుంటే, వెనక సీట్లో కూర్చుని ఆయన దారి పొడుగునా వరద ఎన్ని లక్షల క్యూసెక్కులో చెబుతూ వచ్చారు.

సిగ్గులేనితనానికి హద్దుంటుందనుకుంటాం. ఉండదు. ఆ తరవాత వీధి సంఘం మీటింగులో ఆయన మైకు పట్టుకుని ఈ సంగతే గొప్పగా చెప్పుకున్నారు. "తోడబుట్టిన అక్క పోతున్నా మా ఆవిడ నా మాట జవదాటలేదండీ. అదీ మన ఆడవాళ్ళ గొప్పతనం!" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్ళలో ఇప్పుడు పుస్తకం వేస్తున్న కార్యదర్శి కూడా ఉన్నాడు. పిన్నిగారు ఆడవాళ్ళ వరసలో కూర్చుని చీర కుచ్చిళ్ళు చూసుకుంటున్నారు. నేను లేచి బయటికొచ్చేశాను. ఆ రోజు నుంచీ ఆయనతో మాట్లాడటం మానేశాను. ఆయన గమనించినట్టు లేరు. ఎదుటివాళ్ళ మాట అవసరమయ్యే మనిషైతే కదా గమనించడానికి.

ఆ మరుసటి ఏడు ఆయన పోయారు. కూర్చున్న కుర్చీలోనే, ఏ బాధా లేకుండా. అలాంటివాళ్ళకే అలాంటి చావు దొరుకుతుంది. పిన్నిగారు చెయ్యవలసినవన్నీ చేశారు. ఏడవలేదు. వచ్చినవాళ్ళు "పాపం, గుండె రాయైపోయింది" అనుకున్నారు.

పెద్దకర్మ నాడు గుంటూరు నుంచి ఆయన పాత స్నేహితుడొకాయన వచ్చారు. కల్లాకపటం తెలియని పెద్దమనిషి. పిన్నిగారు లోపలి గదిలో గోడకానుకుని కూర్చుంటే, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పక్కన నేనున్నాను.

"వాడు లేకపోతే నాకు రెండో శనివారం రెండో శనివారంలా లేదమ్మా" అన్నారాయన కళ్ళు తుడుచుకుంటూ. "ఎన్నేళ్ళు! ప్రతి రెండో శనివారం మా ఇంటికొచ్చేవాడు. భోజనం, పేకాట, సాయంత్రం మా ఆవిడ చేత్తో టీ. ఒక్కసారి మానలేదు."

రెండో శనివారం ఆయన గవర్నర్‌పేటలో రిటైరైనవాళ్ళ మీటింగుకి వెళ్తున్నట్టు మా అందరికీ తెలుసు. నేను పిన్నిగారి వైపు చూశాను. ఆవిడ నెమ్మదిగా అడిగారు.

"రైల్లో వచ్చేవారా అన్నయ్యగారూ?"

రైలుకి వేరే వంతెన ఉంది. అప్పుడు కూడా ఆవిడ ఆయనకొక దారి వదులుతున్నారు.

"రైలెందుకమ్మా, రైలు అందుకోవాలంటే వాడికి ఒళ్ళు బద్ధకం. నాన్‌స్టాప్ బస్సే! కిటికీ పక్క సీటు దొరక్కపోతే ఎక్కేవాడు కాడు. వారధి మీదికి రాగానే పక్కనున్నవాడికి కాంటిలివర్ పాఠం మొదలుపెట్టేవాడట. మా కండక్టర్లందరికీ వాడు తెలుసు." ఆయన నవ్వారు. "కిందటేటి పెద్ద వరదలో కూడా వచ్చాడమ్మా! టీవీలో బ్యారేజీ మూసేశారని చెబుతున్నారు. ఏరా, ఇంత వరదలో ఎలా వచ్చావురా అన్నాను. 'వారధి ఉందిగా' అన్నాడు. రెండాటలు ఆడి, చీకటి పడకముందే ఇల్లు చేరాలని త్వరగా లేచాడు."

పిన్నిగారు కారులో కాలు పెట్టి వెనక్కి తీసుకున్నది ఆ శనివారం సాయంత్రమే. ఆయన బస్సు దిగి ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కుని, గేటు దగ్గరికొచ్చి, నెత్తి మీది ఒట్టు గుర్తు చేశారన్నమాట. ఆ పెద్దమనిషి మా ముఖాలు చూసి, తప్పేమైనా మాట్లాడానా అన్నట్టు కంగారుపడ్డారు. పిన్నిగారే తేరుకుని, "ఎండనపడి వచ్చారు. భోంచేసి వెళ్ళండి అన్నయ్యగారూ" అన్నారు.

పెద్దకర్మ అయ్యాక ఆడమనిషిని పుట్టింటివాళ్ళు తీసుకెళ్ళి ఒక రాత్రి నిద్ర చేయించి పంపడం మా వైపు ఆనవాయితీ. పిన్నిగారికి పుట్టింటివాళ్ళంటే మంగళగిరిలో అక్కయ్యగారి అబ్బాయే. సాయంత్రం అతనొచ్చాడు. నా కారులో బయల్దేరుతుంటే బాబాయిగారి తమ్ముడు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"వదినా, బ్యారేజీ మీంచే వెళ్ళండి. అన్నయ్య మాట మనం నిలబెట్టాలి కదా" అన్నాడు.

"నా వంతు నిలబెట్టాను మరిదిగారూ" అన్నారు పిన్నిగారు కారెక్కుతూ. "మిగిలింది మీరు నిలబెట్టుకోండి. అమ్మాయ్, వారధి మీంచి పోనియ్యి."

 వారధి ఎక్కాక అద్దం దించమన్నారు. కింద ఇసుక తిన్నెలూ, నీటి పాయలూ, దూరంగా బ్యారేజీ కనిపిస్తున్నాయి. "ఎంతసేపు పడుతుందమ్మా?" అని అడిగారు. నేను ముందున్న లారీని దాటుకుని జవాబు చెప్పేలోపు అవతలి ఒడ్డు వచ్చేసింది.

"ఏది, అయిపోయిందా?"

"అయిపోయింది పిన్నిగారూ. తాడేపల్లి వచ్చేశాం."

"ఇంతేనా?" అన్నారు. వెనక్కి తిరిగి చూశారు. "ఇంతేనా అమ్మాయ్? ఈ కాస్తకేనా!"

అప్పుడు మొదలైంది ఏడుపు. ఆయన పోయిన దగ్గర్నుంచీ ఒక్క చుక్క రాల్చని మనిషి, ముందు సీటు పట్టుకుని, "అక్కా, అక్కా" అంటూ ఒళ్ళంతా కదిలిపోయేలా ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఆ అబ్బాయి కిటికీ వైపు తిరిగిపోయాడు. మంగళగిరి చేరినా ఆగలేదు. ఇంటి ముందు కారు దిగగానే చుట్టుపక్కల ఆడవాళ్ళందరూ వచ్చి ఆవిడ చుట్టూ చేరారు. ఒకావిడ వీపు నిమురుతూ, "ఊరుకోమ్మా, ఊరుకో. ఎలాంటి మొగుడు! ఆడిన మాట తప్పని మారాజు. ఏడుపు రాక ఏం చేస్తుంది" అంది.

పిన్నిగారు ఆ చెయ్యి పక్కకి తీసి, కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకున్నారు.

"నేను ఏడుస్తున్నది మా అక్క కోసం" అన్నారు. "ఆయన కోసం ఏడుపొచ్చిన రోజు కబురు పెడతాను. అప్పుడు రండి."